హంగరీ కవి బూట్లకు చింతపండు

కువైట్‌కు పోబోతున్న పిల్లలు మా ఇంటికొచ్చి కూర్చుంటే ముందు జీతం సంగతి అడుగుతారు, తర్వాత ఎండ సంగతి అడుగుతారు. చివరికి టీ గ్లాసు కింద పెడుతూ, "ఇన్నేళ్లు ఉంటివి గదా మామా, ఆడ నువ్వు చేసిన పనుల్లో పెద్దది యాది?" అంటారు. నేను రాయి పని మేస్త్రీని. పెద్ద పెద్ద భవనాలకు పాలరాయి పరిచాను, మసీదు మెట్లు కట్టాను, ఒక పెద్దమనిషి ఇంట్లో ఈతకొలనుకు ఇటలీ రాయి వేసి, రంగు నచ్చలేదన్నాడని మొత్తం పీకి మళ్లీ వేశాను. అవేవీ చెప్పను. నిమ్మకాయంత బూట్ల జత ఒకటి బిగించాను అని చెబుతాను. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు, ముసలాయనకు ఎండ దెబ్బ ఇంకా దిగలేదనుకుంటారు. అందుకే ఆ సంగతి ఒకసారి తీరిగ్గా రాసి పెడుతున్నాను. ఇకమీదట వచ్చినవాళ్ల చేతికి ఈ కాగితాలు ఇచ్చేసి, నేను పోయి కాసేపు నడుం వాలుస్తాను.

మా వర్క్‌షాప్ దజీజ్‌లో గోదాముల మధ్య ఉండేది. ఒకప్పుడు లోపలికి పోవాలంటే మనుషులను తోసుకొని పోవాల్సి వచ్చేది. నేను అక్కడున్న చివరి రోజులకు అందరూ రెడీమేడ్ పలకలకు అలవాటుపడి, మా షెడ్డులో రాళ్ల కంటే పిల్లులు ఎక్కువైపోయాయి. మిగిలింది ముగ్గురం. నేను రాయచోటి వాణ్ని. పాలిష్ పట్టే ఆయన హైదరాబాదీ, చేతిలో పని లేకపోతే తన సెల్‌ఫోన్‌కే పాలిష్ పట్టేవాడు. మూడో మనిషి ఆఫీసులో టీ కాచి, ఊడ్చి, తుడిచే ఆమె. నరసాపురం దగ్గర పల్లె. నన్ను అన్నయ్యా అనేది, నేను చెల్లెమ్మా అనేవాణ్ని. మా ముగ్గురి మీద ఒక ఈజిప్టు ఇంజనీరు ఉండేవాడు. ఆయన్ను అందరూ ముహందిస్ అనేవాళ్లు. ఆయన కోపంలోనూ సంతోషంలోనూ ఒకే మాట అనేవాడు, ఖలాస్ అని. ఏది కోపమో ఏది సంతోషమో మీసం చూసి తెలుసుకోవాలి.

చెల్లెమ్మ గురించి కొంచెం చెప్పాలి. కంపెనీకి రాకముందు జహ్రాలో ఒక ఇంట్లో పని చేసేది. ఆ ఇంటి మామా, అంటే ఇంటి యజమానురాలు, చెడ్డది కాదు. కొట్టలేదు, జీతం ఆపలేదు. కానీ ఈమె పడుకునే గదికి గడియ ఉండేది కాదు, తాళం మాట దేవుడెరుగు. ఎవరికి ఏం కావాల్సొచ్చినా తలుపు తోసుకొని వచ్చి లేపేవాళ్లు. ఇంటి వీసా మీద ఉన్నవాళ్లు కంపెనీకి మారవచ్చని సర్కారు కొన్నాళ్లు వీలిచ్చినప్పుడు, ఆమె నానా తంటాలు పడి మా కంపెనీకి మారింది. ఫర్వానియాలో ఒక చిన్న గది తీసుకుంది. ఆ గది తాళంచెవిని గొలుసుకు శిలువ పక్కనే వేసుకొని మెడలో తిరిగేది. "మంగళసూత్రం కంటే జాగ్రత్తగా చూసుకుంటాండావే" అని నేను ఏడిపిస్తే, "ఆయ్, ఆయన కంటే ఇదే నన్ను బాగా చూసుకుంటందండి" అనేది.

అలాంటి రోజుల్లో ఒక ఉదయం ముహందిస్ మమ్మల్ని పిలిచి, ఒక్క పని వచ్చింది, ఇది బాగా జరిగితే దాని వెనకాల ఇంకో ఆరు వస్తాయి, జరగకపోతే షెడ్డుకు తాళం, ఖలాస్ అన్నాడు. మీసం కిందికి దిగి ఉంది. నాకూ హైదరాబాదీకీ ఎలాగూ ఇంటికి పోయే వయసు వచ్చేసింది. నడుములు కూడా అదే మాట చెబుతున్నాయి. చెల్లెమ్మకు అలా కాదు. షెడ్డు మూస్తే ఆమె మళ్లీ ఎవరింటికో పనిమనిషిగా పోవాలి, గడియ లేని గదిలో పడుకోవాలి. ఆమె టీ గ్లాసులు తీసుకుపోయి, కడిగినవే మళ్లీ కడిగింది.

పని ఏమిటంటే విగ్రహం బిగించడం. కువైట్‌లో ఉండే హంగరీ వాళ్లు కొందరు ఒక సాహిత్య సంఘం పెట్టుకున్నారట. తమ దేశపు ఒక పాతకాలం కవి జ్ఞాపకంగా కంచు విగ్రహం పెడతారట. విగ్రహం అనగానే ముహందిస్ క్రేన్ లారీ మాట్లాడేశాడు. నేను గొలుసులు, గోనె సంచులు, నలుగురు కూలీలను సిద్ధం చేశాను. హంగరీ నుంచి వచ్చిన శిల్పి కారు దిగింది. పొట్టి జుట్టు, నా వయసే, చేతుల నిండా కాలిన మచ్చలు. చంకలో ఒక చిన్న అట్టపెట్టె. నేను ఆమె వెనకాల లారీ ఎప్పుడొస్తుందా అని రోడ్డు వైపే చూస్తున్నాను. ఆమె పెట్టె మూత తీసి దూది పక్కకు జరిపింది. లోపల బొటనవేలంత పొడవున్న బూట్ల జత ఉంది. క్రేన్ డ్రైవరు కిందికి దిగి పెట్టెలోకి తొంగి చూసి, మళ్లీ ఎక్కి కూర్చున్నాడు.

ఆమె చెప్పిన సంగతి నాకు అర్థమైనంత వరకు ఇది. వాళ్ల దేశంలో ఇలాంటి గుప్పెడంత బొమ్మలను ఊళ్లో మూలమూలలా పెడతారట, వంతెన కమ్మీల మీద, కిటికీ చెక్కల మీద, మెట్ల సందుల్లో. ఎవరూ వేలు పెట్టి చూపించరు. దారిన పోయేవాడే వెతికి పట్టుకోవాలి. ఇప్పుడు తమ కవుల పేరు మీద పరాయి దేశాల్లో కూడా పెడుతున్నారు. కువైట్‌లో బహిరంగ స్థలంలో మనిషి బొమ్మ కుదరదు కాబట్టి, కవిని వదిలేసి కవుల సామాన్లు చేసింది. ఈ బూట్ల కవి జీవితమంతా ఊరూరా నడిచి పద్యాలు చెప్పినవాడట. ఈ జత తర్వాత ఇంకో ఆరుగురి టోపీ, సిరాబుడ్డి, గొడుగు, అలా వరసగా ఉన్నాయి.

బూట్లు పెట్టే చోటు ఎగైలాలో. అక్కడ పదవీ విరమణ చేసిన ఒక కువైటీ పంతులు తన ఇంటి పక్క భాగాన్ని గ్రంథాలయం చేసి, ఎవరైనా వచ్చి చదువుకొమ్మని తలుపు తెరిచి పెట్టాడు. రోడ్డు వైపు ఆ గ్రంథాలయం బయట ఎక్కడైనా పెట్టుకోమని ఆయనే ఒప్పుకున్నాడు. మెట్టు మీద అని శిల్పి మాకు మాత్రమే చెప్పింది. ఇది ఆయన మనసుకు పడితే, తక్కిన ఆరింటికీ తన స్నేహితుల గుమ్మాలు చూపిస్తానన్నాడు. అంటే మా షెడ్డు తాళం, చెల్లెమ్మ గది తాళం, రెండూ ఆ పంతులు కంటికి ఒక బూటు ఎలా ఆనుతుందనే దాని మీద ఉన్నాయి.

ఆ బూట్లను నేను భూతద్దం పెట్టి చూశాను. తోలు ముడతలు, అరిగిన మడమ, తెగి మళ్లీ ముడేసిన తాడు, అన్నీ ఉన్నాయి. మీద ఊళ్లన్నీ తిరిగిన దుమ్ము రంగు ఉంది, నలుపూ కాదు గోధుమా కాదు. ఆ రంగు కోసం నెల రోజులు కూర్చున్నానని శిల్పి చెప్పింది. బిగింపు మేకుల కొలతలు నాకు చూపించి, పెట్టె నా టేబుల్ మీద పెట్టి, రేపు సాయంత్రం ఎగైలాలో కలుద్దామని వెళ్లిపోయింది.

నేనూ హైదరాబాదీ కలిసి మెట్టుకు రంధ్రాలు తీయడానికి ఎగైలా పోయాం. మధ్యాహ్నం దాటాక తిరిగొచ్చేసరికి నా టేబుల్ మీద తెల్లటి గుడ్డ పరిచి ఉంది. గుడ్డ మీద బూట్లు ఉన్నాయి. కిటికీలోంచి పడిన ఎండకు అవి పెళ్లికూతురి గాజుల్లా ధగధగలాడుతున్నాయి.

హైదరాబాదీ నా భుజం పట్టుకున్నాడు. "అన్నా, గీ బూట్లు మనయి కావే. మనయి నల్లగుండె."

చెల్లెమ్మ చేతులు తుడుచుకుంటూ లోపలి నుంచి వచ్చింది. మొహమంతా వెలుగు. "చూశారా అన్నయ్యా, ఎలా మెరిసిపోతన్నాయో. ఎన్నాళ్ల జిడ్డో అండి, మూడుసార్లు చింతపండు మార్చాను. ఉప్పేసి తోమితే గానీ వదల్లేదు. ఆ సందుల్లో అయితే పళ్ల బ్రష్షుతో తోమానండి."

నేను కుర్చీ వెతుక్కొని కూర్చున్నాను. "ఎంత పని జేస్తివి తల్లీ. అది జిడ్డు గాదు, రంగు. ఆయమ్మ నెల్లాళ్లు కూచోని ఏసిన రంగు."

"రంగా అండి? దుమ్ము రంగు ఎవరన్నా కావాలని ఏసుకుంటారా?"

ఆమె అడిగిన దాంట్లో తప్పేముంది? వాళ్ల ఊళ్లో క్రిస్మస్ వస్తుందంటే ఇంట్లో ఉన్న ఇత్తడి, కంచు, రాగి అంతా పెరట్లో కుప్ప పోసి చింతపండుతో తోముతారు. జహ్రాలో మామా వాళ్ల గహ్వా కూజాలను, అంటే అరబ్బీ కాఫీ కూజాలను, ఈమె అలాగే తోమి మెప్పు పొందింది. రేపు పెద్దవాళ్లంతా వస్తారు, మన పని వాళ్ల కంటికి బాగుండాలి అనుకుంది. మెరవని లోహం చూస్తే మన చేతులు ఊరుకోవు, ఏం చేస్తాం. కానీ ఆ మాట చెప్పి శిల్పిని ఒప్పించలేం కదా.

ఆరు పనులూ పోయినట్టేనని నేను చెప్పగానే ఆమె మొహంలో వెలుగు ఆరిపోయింది. చెయ్యి మెడ దగ్గర తాళంచెవి మీదకు పోయింది. "మళ్లీ ఆ ఇళ్లల్లోకి పోలేనండి అన్నయ్యా" అంది, అంతే. ఏడవలేదు. ఏడిస్తే నాకు కొంచెం తేలికగా ఉండేది.

అప్పటికి హైదరాబాదీ తన ఫోనులో ఒక వీడియో పట్టుకున్నాడు. ఎవరో తెల్లాయన, రాగి గాజును ఉడకబెట్టిన గుడ్లతో పాటు డబ్బాలో పెట్టి మూత వేస్తే, పచ్చసొన ఆవిరికి గాజు నల్లబడుతోంది. "గుడ్డన్నా, గుడ్డు. గంతే. ముసలి రంగు అదే వచ్చేస్తది" అన్నాడు. నాకు నమ్మకం లేదు. కానీ నా దగ్గర వేరే ఉపాయం కూడా లేదు. బక్కాలాకు, అదే మూల మీది కిరాణా కొట్టుకు, పోయి ఒక అట్ట గుడ్లు తెచ్చాం. చెల్లెమ్మ టీ పొయ్యి మీద ఉడకబెట్టింది. పచ్చసొనలు తీసి చిదిమి, వేడిమీదే బూట్లతో కలిపి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, మూత మీద నేను ఒక పాలరాయి పలక పెట్టాను. మిగిలిన తెల్లసొనంతా వృథా చేయకూడదని మేమే తిన్నాం. ఆ రోజు నుంచి హైదరాబాదీ ఆమ్లెట్ పేరెత్తితే కోపగించుకుంటాడు.

మర్నాడు పొద్దున ముహందిస్ షెడ్డులో అడుగు పెట్టి ముక్కు మూసుకున్నాడు. "ఏమిటీ వాసన?"

"నాష్తా సార్" అన్నాను.

"మీరు ఏం తింటారయ్యా?" అని బయటి నుంచే వెళ్లిపోయాడు. ఆయన వెళ్లాక మూత తీశాం. అల్లా దయ, బూట్లు నల్లబడ్డాయి. అసలు రంగు కాదు గానీ, కళ్లద్దాలు తీసి చూస్తే సరిపోయే రంగు. ఒక్కచోట తప్ప. ఎడమ బూటు ముక్కు డబ్బా గోడకు ఆనుకొని ఉండిపోయిందేమో, అది మాత్రం బంగారంలా అలాగే ఉంది. మళ్లీ గుడ్లు పెట్టడానికి వ్యవధి లేదు. బూటుపాలిష్ రాద్దామన్నాడు హైదరాబాదీ. రాశాం. ఎగైలా చేరేసరికి దూదికి అంటుకొని పోయింది. మెట్టు మీద మేకులు దించి, జిగురు పోసి బిగించేశాను. తాటికాయంత బరువు నా గుండె మీద పెట్టుకొని పక్కన నిలబడ్డాను.

సాయంత్రం అసర్ నమాజు అయ్యాక జనం వచ్చారు. హంగరీ వాళ్లు, పంతులు స్నేహితులు, కొందరు చదువరులు. చెల్లెమ్మను గహ్వా పంచడానికి ముహందిస్సే తీసుకొచ్చాడు, సంగతి తెలియక. శిల్పి దూరంగా నిలబడి, తమ ఆచారం ప్రకారం బొమ్మ ఎక్కడుందో ఎవరూ చెప్పకూడదని, ఇంటాయనే వెతుక్కోవాలని చెప్పింది. పంతులు సరదాపడ్డాడు. చేతికర్ర పట్టుకొని బయల్దేరాడు. పూలకుండీలు చూశాడు, ఉత్తరాల పెట్టె చూశాడు, ఏసీ డబ్బా వెనక్కు వంగి చూశాడు. మెట్టు మీదుగా రెండుసార్లు నడిచాడు. ఆయనకు ఎలా కనబడుతుంది? ఎగైలాలో ఉన్న పిల్లులన్నిటికీ గుడ్డు వాసన తగిలి, మెట్టు చుట్టూ చేరాయి. వాటిల్లో ఒక లావుపాటి గండుపిల్లి సరిగ్గా బూట్ల మీదే కూర్చొని, మూతి నాక్కుంటోంది.

ముహందిస్ కళ్లతో పిల్లిని చూపిస్తున్నాడు, గొంతు సవరిస్తున్నాడు. పంతులు పిల్లిని చూసి ముచ్చటపడి ముందుకు పోతున్నాడు. చివరకు చెల్లెమ్మ గహ్వా పళ్లెంతో పక్కగా పోతూ కాలు విదిల్చి, "ఛీ ఫో" అంది. పిల్లి లేచింది. పడమటి ఎండ నేరుగా మెట్టు మీద పడుతోంది. ఎడమ బూటు ముక్కు తళుక్కుమంది.

పంతులు ఆగిపోయాడు. మెల్లగా, కర్ర మీద బరువు వేసి, మెట్టు దగ్గర కూర్చున్నాడు. "జూతీ" అన్నాడు. కువైట్‌లో బూటును అలాగే అంటారు. తర్వాత జనం వైపు తిరిగి ఏదో అన్నాడు, అందరూ గొల్లున నవ్వారు. హైదరాబాదీ నా చెవిలో చెప్పాడు. "గుమ్మం ముంగట బూట్లున్నయంటే మనిషి లోపలనే ఉన్నడు కదా. ఇంతసేపైంది, గాయనకు ఎవరన్నా గహ్వా పోసిన్రా అని అడుగుతున్నడు."

నా గుండె మీది బరువు సగం దిగింది. మిగతా సగం అప్పుడే నడుచుకుంటూ వస్తోంది. శిల్పి మెట్టు దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. బంగారు ముక్కును చూసింది. తర్వాత వంగి వాసన చూసింది. ఆమె మెడ నుంచి చెవుల దాకా ఎర్రబడింది.

"ఎవరు చేశారిది?" అంది ఇంగ్లీషులో.

ముహందిస్ మా ముగ్గురి వైపూ తిరిగాడు. మీసం వణుకుతోంది. నేను నోరు తెరిచాను. ఏం చెప్పాలనుకున్నానో నాకే తెలియదు, ఎలాగూ ఇంటికి పోయేవాణ్ని కదా, నా మీద వేసుకుందామనే అనుకున్నానేమో. ఈలోపే చెల్లెమ్మ పళ్లెం కింద పెట్టేసింది.

"నేనేనండి. వీళ్లకు తెలీదు. అన్నయ్యా, ఆవిడకు చెప్పండి. ఇంటికొచ్చిన మనిషి బూట్లు గుమ్మంలో అంత దుమ్ముతో ఉంటే బాగోదని తోమేశాను. పాపం ఎన్ని ఊళ్లు నడిచాడో అనుకున్నాను. రంగని తెలీదండి. కోపం ఉంటే నా మీద చూపించమనండి, వీళ్ల పని మాత్రం తీసేయొద్దనండి."

నేను నాకొచ్చిన ఇంగ్లీషులో శిల్పికి చెప్పాను. హైదరాబాదీ తనకొచ్చిన అరబ్బీలో పంతులుకు చెప్పాడు. నాది క్లుప్తంగా ఉంది, వాడిది పొడుగ్గా ఉంది, మధ్యలో ఏం కలిపాడో ఇప్పటికీ చెప్పడు. దేంతో తోమావని శిల్పి అడిగింది. చింతపండును ఇంగ్లీషులో ఏమంటారో నాకు తట్టలేదు. "తమర్ హిందీ" అన్నాను అరబ్బీలో. పంతులు తల ఊపాడు. రంజానులో దాంతో షర్బత్ తాగుతామని, లోహానికి కూడా పనికొస్తుందని తెలియదని అన్నాడు. మరి ఈ వాసన ఏమిటని శిల్పి అడిగింది. గుడ్ల సంగతి చెప్పాల్సొచ్చింది. ఎన్ని గుడ్లని అడిగింది. ఒక అట్ట అన్నాను. ఆమె రెండు చేతుల్లో మొహం దాచుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకొని ముహందిస్ నీళ్ల సీసా మూత తీశాడు. చేతులు తీసేసరికి ఆమె నవ్వుతోంది. నవ్వుతూనే కోపంగా ఉంది. రెండూ ఒకే మొహంలో ఉండటం నేను మళ్లీ చూడలేదు.

ఈలోగా పంతులు తన బొటనవేలితో ఎడమ బూటు ముక్కును ఒకసారి రుద్దాడు. "దీన్ని ఇలాగే ఉంచండి. ఇది మెరవకపోతే నేను రాత్రి దాకా పిల్లులతో ఆడుకుంటూ ఉండేవాణ్ని" అన్నాడు. ఆయన పక్కన ఉన్నాయన కూడా వంగి రుద్దాడు. తర్వాత ఇంకొకాయన.

శిల్పి వాళ్ల వైపు కాసేపు చూసి నాతో చెప్పింది. వాళ్ల దేశంలో కొత్త బొమ్మను మొదటి ఏడాది ఎవరూ ముట్టుకోరట. తర్వాత మెల్లగా ఎవరో ఒకచోట చెయ్యి వేస్తారు, ఆ చోటు మెరుస్తుంది, అప్పుడు ఆ బొమ్మ ఊరివాళ్లది అయినట్టట. "మీరు ఆవిష్కరణకు ముందే ఆ పని చేశారు" అంది. తర్వాత ముహందిస్ వైపు తిరిగి, తక్కిన ఆరు బొమ్మలూ ఇక్కడికే పంపుతాననీ, అయితే ఒక షరతనీ చెప్పింది. ఏడింటినీ నెలకోసారి తుడిచే పని ఈ ఆడమనిషే చేయాలి, పొడిగుడ్డతో మాత్రమే. ఎందుకంటే బొమ్మలోని మనిషి ఎంత దూరం నడిచాడో ఆలోచించింది ఈమె ఒక్కతే. "ఇంకోసారి గుడ్డు వాసన వస్తే చంపేస్తాను" అని కూడా అంది. ఆ మాట నవ్వకుండానే అంది.

"ఖలాస్" అన్నాడు ముహందిస్. మీసం పైకి లేచి ఉంది.

నేను చెప్పింది పూర్తిగా విన్నాక చెల్లెమ్మ పళ్లెం తీసుకొని పక్క సందులోకి పోయింది. చాలాసేపటికి గానీ రాలేదు. వచ్చినప్పుడు కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆమె ఒక చిన్న గ్లాసులో గహ్వా పోసి, ఎవరూ చూడనప్పుడు బూట్ల పక్కన మెట్టు మీద పెట్టింది. ఆ గహ్వా ఏమైందో పిల్లులకే తెలియాలి.

తక్కిన వాటిలో అయిదు నేనే బిగించాను. చివరిది వచ్చేలోపు నా నడుం ఖలాస్ అంది, నేను రాయచోటికి వచ్చేశాను. మొన్నామధ్య చెల్లెమ్మ వీడియో కాల్ చేసింది. ఆఖరి బొమ్మ బిగించారట, చూపిస్తానంది. పాతకాలంలో వంటింట్లో కూర్చొని కథలు రాసిన ఒక హంగరీ రచయిత్రి వంటింటి అలమర అది, అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది. గిన్నె, గరిటె, జాడీలో నిలబెట్టిన కలం. అన్నిటికంటే కింద అరలో, ఒక మూలకు, వంకరగా ఉన్న కాయ ఒకటి. చూడటానికి వచ్చిన హంగరీ వాళ్లు అది తమ దేశపు చిక్కుడుకాయ అని అందరికీ వివరిస్తున్నారట.

"చింతకాయండి అన్నయ్యా. చూడగానే తెలిసిపోయింది" అంది చెల్లెమ్మ. "కానీ ఎంత పెద్ద శిల్పి అయితే ఏం లాభమండి. పెంకు తియ్యకుండా, గింజ తియ్యకుండా పెట్టేసింది. ఇలాగైతే తోముకోడానికీ పనికిరాదు, పులుసుకీ పనికిరాదు."

నాకూ చూడాలని ఉంది. కానీ ఆమె బొమ్మ మీదకు వంగి ఫోను పట్టుకోవడంతో, మెడలోని గొలుసు ముందుకు వేలాడి, ఫర్వానియా గది తాళంచెవి సరిగ్గా చింతకాయకు అడ్డంగా ఊగుతోంది. ఏమీ కనబడటం లేదు.

"చెల్లెమ్మా, ఆ బీగంచెవి అడ్డమొస్తాంది. కొంచెం తీసి పక్కన పెట్టమ్మా" అన్నాను.

"అది మాత్రం తియ్యనండి. మీరే కాస్త మెడ వంచి చూసుకోండి" అంది.

నేను రాయచోటిలో నా మంచం మీద కూర్చొని, ఫోను ముందు మెడ వంచాను.